కొల్లేటిగట్టు పసులపల్లెలు

ఆంధ్రదేశచరిత్రమును వ్రాసినవారు రాజవంశములను, యుద్ధములను, దేవాలయములను విరివిగా వర్ణించియున్నారు. పొలము దున్నిన కాఁపును, ఓడ నడపిన బేహారిని గూర్చి కొంత వ్రాసినవారును గలరు. కాని పసులను మేపి బ్రదికిన చిన్నపల్లెలకుఁ జరిత్రమునందు స్థానము దొరకుట యరుదు. ఇందులకుఁ గారణము లేకపోలేదు. మందవాఁడు శాసనము వేయించినవాఁడు కాఁడు. అతని యిల్లు తాటాకుపాక. అతని యాస్తి కాళ్లతో నడచునది. అతని హక్కు నేలపై మొలచు పచ్చికమీఁది హక్కు. నేలకు మేరలు గలవు, దానపత్రము గలదు, పట్టా గలదు. పచ్చికకు వాడుకయే పట్టా. కావునఁ బసులపల్లెల చరిత్రమును దెలియఁగోరువారు పచ్చికపై నెవ్వరి కెట్టి హక్కుండెనో, అది యెట్లు మాఱెనో వెదకవలయును. వేంగీదేశమునకు గర్భమువంటి కొల్లేటిప్రాంతము, అందును ముదినేపల్లి, కైకలూరు, గుడివాడల నడుమనున్న పల్లపుసీమ, యిట్టి పరిశోధనమునకుఁ దగిన తావు.

దేశస్థితి

కృష్ణా గోదావరులు యుగయుగములుగాఁ దెచ్చి పోసిన యొండుమట్టి రెండుప్రక్కల మెరకలై నిలువఁగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన మెట్టయేఱులు దీనిలోఁ బడును. ఉప్పుటేఱు దీని నీటిని సుమారు 60 కిలోమీటర్ల దూరము కొనిపోయి సముద్రమునఁ గలుపును. రెండవ పులకేశి కాలపు ఐహోళె శాసనమున (క్రీ.శ. 634) రక్తముచే నెఱ్ఱనైనదని చెప్పఁబడిన కునాళజలము కొల్లేరే యని పండితులు నిర్ణయించియున్నారు.

ఈ సరస్సున కొక మేర యని చెప్పుట కష్టము. సముద్రమట్టమునకుఁ బదియడుగుల యెత్తున నీరు నిలిచినపుడు దీని వైశాల్యము 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల మట్టమునఁ జూచినచో 308 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు లెక్కలకు నడుమనున్న సుమారు 593 చదరపు కిలోమీటర్ల నేల వానలను, వరదలను బట్టి యొకప్పుడు జలము, ఒకప్పుడు స్థలము. చేఁపలు పట్టువారికి నీరున్నపు డది కొల్లేరు. పసులు మేపువారికి నీరు తీసినపు డది బీడు. జమ్ము, తుంగ, కిక్కిస లోఁతట్టునను, గఱిక యంచులయందును బెరుగును. నీరు వెనుదీయు కొలఁది పచ్చిక వెంటవెంటనే మొలచును. మెట్టయందుఁ బసరిక మాడిపోవు వేసవికాలమున నిచ్చట పచ్చన యుండుటచేతనే యీ తీరము మందల కాటపట్టయినది.

ఊళ్లపేళ్ల సాక్ష్యము

ఈ సీమలోని గ్రామనామములు కొన్ని వినువారి కాసక్తి పుట్టించును. ముదినేపల్లి మండలమున పెయ్యేరు కలదు. పెదపాలపఱ్ఱు, చినపాలపఱ్ఱులు కలవు. కైకలూరు చేరువను ఆలపాడు కలదు. భీమవరము దిక్కున గొల్లవానితిప్ప కలదు. పెయ్య యనఁగా ఈనని యాఁడుదూడ. ఆల యనునది ఆవు శబ్దమునకు బహువచనమున నగు రూపము. ఆలమంద, ఆలకాపరి యను సమాసములందు నేఁటికిని నిలిచియున్నది. పఱ్ఱు చవిటిపల్లమునకుఁ బేరు. తిప్ప వరదలో మునుఁగని మెరక.

అయినను గ్రామనామముల నిర్వచనమునఁ దొందర పనికిరాదు. పాలపఱ్ఱులోని పాల శబ్దము క్షీరమే యననేల? పాలచెట్టు పేర నేర్పడిన యూళ్లు తెలుఁగునాఁట లేవా? పెయ్యేరులోఁ జివర నున్నది ఏఱు కావచ్చును, మొదట నున్నది మఱియొక శబ్దమునకు వికారము కావచ్చును. మండవల్లిని జూచి మంద యని భ్రమించుట మఱింత పొరపాటు. డకార దకారములకుఁ గల భేదమే యా యూహను నిలువనీయదు. ఈ వరుసలో నిస్సంశయమైనది గొల్లవానితిప్ప యొక్కటియే. ఆ పేరు పసులపల్లె పుట్టుకను గూడఁ జెప్పుచున్నది: చుట్టును నీరు వచ్చినపుడు మంద నిలువఁదగిన యెత్తు, దానిపై నొక కాఁపరి కుటుంబము. తక్కిన నామములు స్వయముగా సాక్ష్యము కాఁజాలవు. వేఱు సాక్ష్యము దొరకినచో దానికిఁ దోడు రాఁగలవు.

అట్టి సాక్ష్యములలోఁ బ్రాచీనము పల్లి శబ్దము. అమరకోశము ఘోషమునకుఁ బర్యాయముగా ఆభీరపల్లి యను పదమును జెప్పినది. అనఁగాఁ బూర్వులు పల్లి యనునది పసులవారి నివాసమునకుఁ జెల్లు మాటగా నెఱిఁగియుండిరి. కొల్లేటిలో దొరకిన శాలంకాయన విజయనందివర్మ తామ్రశాసనము వేంగినుండి వెలువడినది. అందు కూడూహారవిషయములోని విదేనూరపల్లిక యను గ్రామము పేర్కొనఁబడినది. ఈ విషయము గుడివాడ, బందరు ప్రాంతమని చెప్పుదురు. శాలంకాయనుల ముద్రికపై నుండునది వృషభము. రాజముద్రికపై వృషభమున్నంతమాత్రమున రాజ్యము పసులవారిదని చెప్పరాదు. పల్లిక యన్నంతమాత్రమున నది గొల్లపల్లె యనియుఁ జెప్పరాదు. కాని క్రీస్తుశకపు నాలుగైదు శతాబ్దులనాఁటికే కొల్లేటి దక్షిణతీరమునఁ జిన్నపల్లికలు వెలసియుండెననుటకుఁ దామ్రపత్రమే నిదర్శనము.

దీపములు, మందలు

పసులకాపరులు శాసనములయందు స్పష్టముగాఁ గానవచ్చునది తూర్పుచాళుక్యుల కాలమునను, చాళుక్యచోళుల కాలమునను. 9వ శతాబ్దినాఁటి యద్దంకి శాసనము పండరంగఁడు పండ్రెండు బోయకొట్టముల గెలిచినట్లు చెప్పుచున్నది. కొట్ట మనఁగాఁ బసులశాల యను నర్థము తెనుఁగున నేఁటికిని వాడుకలో నున్నది. తమిళమునఁ గోట్టమనఁగా నొక నాడు. శాసనములోని మాటకు నీ రెండర్థములలో నేది ముఖ్యమో నిశ్చయించుట కష్టమైనను, బోయలు తరువాతి శాసనములయందు మందల నేలినవారుగాఁ గన్పట్టుట గమనింపఁదగినది.

మొదటి చాళుక్యభీముఁడు (892–921) కట్టించినదని ప్రసిద్ధమైన ద్రాక్షారామ భీమేశ్వరాలయమున వందలకొలఁది శాసనములు గలవు. వానిలోఁ బెక్కు అఖండదీపదానములు. దాత గుడికి నేరుగా నేయి యిచ్చుట లేదు. నేయి కొనుటకు ధనము నిచ్చుట యంత సామాన్యమును గాదు. అతఁ డిచ్చునది మంద. ఒక దీపమున కిరువదియైదు మొదవులు, లేదా యేఁబది గొఱ్ఱెలు, అనునది మిక్కిలిగాఁ గానవచ్చు లెక్క. ఆ మందను ఒక బోయ చేతఁ బెట్టుదురు. అతఁడును, అతని కొడుకులు మనుమలును, ఆచంద్రార్కముగా నిత్యము మానెఁడు నేయి గుడికిఁ జెల్లింపవలయును. శాసనమున దాత పేరు, రాజు పేరుతోఁబాటు ఆ బోయ పేరును నిలుచును. ఇట్లు తన పేర శాసనము వేయించుకొనలేని మందవాఁడు, తాను మోసిన బాధ్యతచేతఁ జరిత్రమున కెక్కినాఁడు.

ఈ యేర్పాటున నొక సూక్ష్మమైన యర్థశాస్త్రము గలదు. మానిక కుంచమున నాలవపాలు. దినమునకు మానెఁడు చొప్పున నేఁటికి 365 మానికలు, అనఁగా 91 కుంచములకు మించిన నేయి. ఇరువదియైదు మొదవులలో నన్నియు నొక్కమాఱు పాలీయవు. కొన్ని చూలుతో నుండును, కొన్ని యొట్టిపోవును, కొన్ని ముదియును. అయినను నేతిలెక్క తగ్గదు. ముదిసినదాని స్థానమునఁ బెయ్య నిలువవలయును; చచ్చినదాని స్థానమును మంద తానే పూరించుకొనవలయును. అందుచేతనే తమిళశాసనములయందు ఇట్టి గొఱ్ఱెలను చావనివి, ముదియనివి యను నర్థము వచ్చునట్లు చావా మూవా పేరాడు లనిరి. జర్మనుల పూర్వవ్యవహారధర్మమునను, కౌలువాఁడు లెక్క తగ్గకుండ నిలుపవలసిన మందకు ఇనుపపసులని పేరు. ఇనుపపసులు చావవను సామెతయు వారిలోఁ గలదు. ఒండొంటి నెఱుఁగని దేశములు రెండును మందను వడ్డి తెచ్చు మూలధనముగాఁ జూచినవి.

ఆ మూలధనము నిలుచుట కొకటి కావలయును: ఏఁటికేఁడు తప్పని పచ్చిక. చాళుక్యచోళులనాఁటి దీపము లారక వెలిఁగినవనఁగా, ఆ మందలకుఁ జాలిన బీళ్లు గుళ్లున్న సీమలయం దుండెననియే యర్థము. కొల్లేటికి దక్షిణమునఁ గలిదిండిలో రాజరాజనరేంద్రుఁడు (1022–1061) మృతులైన మువ్వురు చోళసేనానుల పేర మూఁడు శివాలయములు కట్టించి భూదాన మొనర్చినాఁడు. గుడి వెలసినచోట దీపము, దీపమున్నచోట నేయి, నేయి యున్నచోట మంద ఉండును గదా!

పుల్లరి

పచ్చికపై హక్కు వాడుకచే నేర్పడినను, ఆ వాడుకకు రాజు వెల కట్టినాఁడు. ఆ వెలయే పుల్లరి. పుల్లు గడ్డి, అరి కప్పము. ఈ యొక్క మాటయందు మందవానికిని రాజ్యమునకును గల సంబంధ మంతయు నిమిడియున్నది.

పుల్లరినిగూర్చిన పెద్దగాథ కాటమరాజుకథ. ఇది యాదవుల వీరగాథాచక్రము. తంగిరాల వేంకటసుబ్బారావు గారు ఈ గాథలను సేకరించి ప్రకటించిరి. కథ 13వ శతాబ్దమునకుఁ జేరినదని చెప్పుదురు. శ్రీశైలప్రాంతమున ననావృష్టి కలుగఁగాఁ గాటమరాజు తన యాలమందలతో దక్షిణమునకుఁ దరలి, నెల్లూరి నల్లసిద్ధిరాజు సీమలోని బీళ్లఁ జేరినాఁడు. మేఁతకుఁ బ్రతిగా మందలయందుఁ బుట్టిన కోడెదూడలను రాజున కిచ్చునట్లు ఒడంబడిక జరిగినది. తరువాత వైరము పుట్టి మందలు హింసింపఁబడెను. రక్షణ లేని చోట పుల్లరి లేదని కాటమరాజు నిరాకరించెను. ఎఱ్ఱగడ్డపాటి యుద్ధము జరిగెను. ఖడ్గతిక్కన యిందే మడిసెనని ప్రసిద్ధి.

గాథలోని వీరాలాపములను, చిలుకకథను ప్రక్కకుఁ ద్రోసినను ఒడంబడికయొక్క స్వరూపము చరిత్రకారునకుఁ బనికివచ్చును. మందవాఁడు ఆవును, పెయ్యను దనకుంచుకొనును. అవి మందకు మూలము. కోడెలను రాజు గ్రహించును. అవి సేద్యమునకును, బండ్లకును బనికివచ్చును. ఇట్లు మంద తఱుగక రాజునకుఁ బన్ను ముట్టును. దీపశాసనములోని న్యాయమే యిందును గలదు. కాని యొడంబడిక రెండువైపులఁ గట్టును. గడ్డి యిచ్చువాఁడు రక్షణమును గూడ నీయవలయును. ఆ రెండవ భాగము తెగినపుడు యుద్ధము వచ్చినది.

మందయేఁడు

కొల్లేటిప్రాంతపు మందవాని సంవత్సరము చైత్రముతోఁ గాక నీటితో నారంభమగును. ఏరువాకతో దుక్కులు మొదలై ఊడ్పులు పడఁగనే పల్లపునేల యంతయు వరిమడియగును. సరస్సు పొంగి బీళ్లను ముంచును. అప్పుడు పసులకు నిలువ నీడయు, మేయఁ బచ్చికయు నుండవు. కావున డెల్టాలోని రైతులు పనికిఁ గావలసిన యెడ్లను మాత్రము ఇంట నిలుపుకొని, తక్కిన పసులను కాపరుల వెంట మెట్టకును మన్యపుటడవులకును దోలెడివారు. కోఁతలైన పిదప మందలు దిగివచ్చును. పుష్యమాఘములందు వరికొయ్యకాళ్లు, ఫాల్గుణమునుండి కొల్లేటియంచులఁ దేలిన గఱిక, వేసవి ముదిరినపుడు లోఁతట్టు తుంగ, యిట్లు నీటివెంట మంద దిగుచు, మరల వానలతో నెక్కుచు నుండెడిది.

ఈ రాకపోకలయందు సేద్యగానికిని, మందవానికిని బరస్పరలాభము గలదు. కోసిన చేనిలో రాత్రి మందకట్టినచో నెరువు పడును. అందులకుఁ గాపరికి ధాన్యము ముట్టును. అచ్చుపోసి దేవుని పేర విడిచిన యాఁబోతు ఊరి యావుల కన్నింటికిని గలసి మేయును. దానిని గట్టివేయువాఁడు, కొట్టువాఁడు పాపి యని లోకుల నమ్మిక. ఊరుమ్మడి బీడు, ఊరుమ్మడి యాఁబోతు, ఊరుమ్మడి కాపరి, ఈ మూఁడును గలసి యొక వ్యవస్థ. వీనిలో నేదియు వ్రాఁతమూలకము గాదు. మూఁడును దరతరముల వాడుకచే నిలిచినవి.

కాలువలు, బందెలదొడ్లు

ఈ వ్యవస్థను మాఱ్చినది యుద్ధము గాదు, నీరు. 1833 నాఁటి గుంటూరు కఱవున మనుష్యులును, పసులును లెక్కకు మిక్కిలిగా నశించిన తరువాత, డెల్టాకు నిలుకడయైన నీరు కావలయునను తలఁపు బలపడెను. ధవళేశ్వరపు టానకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసెను. బెజవాడ యానకట్ట 1852లో నారంభమై 1855లోఁ బూర్తియయ్యెను. ఏలూరుకాలువ, రైవసుకాలువ మొదలైనవి పాఱఁగా బీళ్లు మాగాణులయ్యెను. కఱవు తీఱెను, అన్నము దొరకెను. ఆ మేలును దక్కువ చేసి చెప్పుట చరిత్రమునకు ద్రోహము. కాని పాఱిన ప్రతికాలువ వెంట మేఁత యొక కొంత తఱిగినది. తరువాత దాళ్వా సాగైనచోట్ల వేసవికొయ్యకాళ్లును బోయినవి.

కాలువలతోఁబాటు చట్టములును వచ్చెను. 1871 నాఁటి పశువుల యతిక్రమణచట్టముచేఁ జేలఁబడిన పసులను బందెలదొడ్డికిఁ దోలి, దండుగ చెల్లించినఁ గాని విడువరాదను పద్ధతి స్థిరపడెను. అంతకు మునుపును జేను మేసిన పసులకు బందె గలదు. కాని మాగాణుల నడుమ మందదారి యిఱుకైన కొలఁది, నిన్నటి బీడునఁ గాలు మోపిన పసియే నేఁడు నేరస్థురాలయ్యెను. బందెలదొడ్డి యను మాట తెలుఁగునాఁట బాలురకుఁగూడ నెఱుకయైనది. 1882 నాఁటి మదరాసు అటవీచట్టము మెట్టయడవులలోని మేఁతను బ్రభుత్వపు టనుమతికి లోఁబఱచెను. ఇట్లు వేసవి బీడు పల్లమునను, వానకాలపు బీడు మెట్టనుగూడ మందవానికి దూరమయ్యెను. మందయేఁటికి రెండుకొసలును దెగినవి.

పుల్లరి మాట మరల రక్తముతో వినవచ్చినది పలనాటఁ గలదు. 1921–22 నాఁడు సహకారనిరాకరణోద్యమసమయమున అచ్చటి గ్రామస్థులు అడవిమేఁతకుఁ బుల్లరి చెల్లింప నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. కాటమరాజునకును, హనుమంతునకును నడుమ నేడువందల యేండ్లు గడచినవి, రాజ్యములు మాఱినవి, గడ్డిపై నెవ్వరి యధికారమను ప్రశ్న మాఱలేదు.

నేఁటి కొల్లేటితీరము

1970 తరువాత కొల్లేటిగట్టున మఱియొక మార్పు ప్రబలెను. మట్టికట్టలు వేసి చేఁపలచెఱువులు త్రవ్వుట మొదలయ్యెను. నీరు తీసినపుడు పచ్చిక మొలవవలసిన నేల యేఁడాదిపొడవున నీటిక్రింద నిలిచెను. మాగాణి మందవానికిఁ గోఁత తరువాత కొన్ని మాసములైనను విడిచెను. చేఁపలచెఱువు ఒక్కదినమును విడువదు. 1999లోఁ గొల్లేరు అభయారణ్యముగాఁ బ్రకటింపఁబడెను. 2002లో రామ్‌సర్ ఒడంబడికక్రిందఁ జేరినది. 2006లో అభయారణ్యపుమేరలోని చెఱువుల కట్టలను బ్రభుత్వము తెగఁగొట్టించెను. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము ప్రకారము అభయారణ్యమున మేఁతను గట్టుబాటు చేయు నధికారము అధికారులది. ఇట్లు కొల్లేటిపచ్చికకుఁ జేలవారు, చెఱువులవారు, పక్షులు, సర్కారు హక్కుదారులై నిలిచిరి. పూర్వపు మందవాఁడు మాత్రము వరుసలోఁ గానరాఁడు. ముదినేపల్లి 2022 ఏప్రిలు 4వ తేదిని గృష్ణాజిల్లానుండి యేలూరుజిల్లాలోఁ జేరినది. పాలనామండలములు మాఱిన తేదులు దొరకును. ఒక యూరి చివరిమంద యే దినమున బీటికిఁ బోయి మరల రాలేదో యా తేది యే దస్త్రమునను దొరకదు.

ఇంకొక విపరీతమును గమనింపవలయును. తెలుఁగు తీరపు ఒంగోలుజాతి పసులు 19వ శతాబ్దిలోనే సముద్రము దాటి బ్రెజిలు దేశము చేరినవి. అచ్చట వానికి నెల్లూరి పేరిట నెలోరె యను వ్యవహారము గలిగెను. 1960 తరువాత నేఁగిన పసులలో ఒంగోలు చేరువనున్న కరవది పేరుగల యాఁబోతు మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. నేఁడు బ్రెజిలుదేశపు మందలలో నధికభాగము ఈ జాతి రక్తము గలవే. పసి చక్కనిదైనంతమాత్రమున మంద వర్ధిల్లదు, బీడున్నచోట వర్ధిల్లును. పుట్టినచోట బీళ్లు తఱిగినవి. పోయినచోట బీళ్లు విస్తారముగా దొరకినవి. జాతి నిలిచెను గాని, దానిని బెంచిన చిన్నపల్లె ధర్మము దానివెంట నోడ యెక్కలేదు.

ఉపసంహారము

పైఁ జెప్పినదానివలనఁ దేలిన యర్థ మిది. కొల్లేటిగట్టు పసులపల్లె భూమిపై స్వామ్యముచేఁ గాక, ఋతువునుబట్టి పచ్చికను వాడుకొను హక్కుచే నిలిచినది. ఆ హక్కును దేవాలయ మొక కాలమున నేతిరూపమునను, రాజు మఱియొక కాలమునఁ బుల్లరిరూపమునను గుర్తించిరి. గుర్తించినంతకాలము పల్లె చిన్నదైనను జెడలేదు. వ్రాఁతకెక్కిన హక్కు మాత్రమే హక్కను కాలము వచ్చినపుడు, వ్రాఁత లేని యా హక్కు వాదమైన లేక జాఱిపోయినది. సేద్యము గెలిచినదనియు, మంద యోడినదనియు దీనిని జెప్పుట చాలదు; ఓడినవాని పక్షమునఁ బత్రమొక్కటియు లేదని చెప్పుట యుక్తము.

కావున నీ చరిత్రమునకు మిగిలిన యాధారములను గూర్చుట విద్వాంసుల విధి. దీపశాసనములలోని బోయల పేళ్లను వారి యూళ్లతోఁ బట్టికగా వ్రాసి నేఁటి గ్రామములతోఁ బోల్చవలసియున్నది. పాతభూమిదస్త్రములలోఁ బసులబీడు, మందదారి, బందెలదొడ్డి యను పేళ్లుగల నేలలను గుర్తింపవలసియున్నది. ఇందుఁ బాఠశాలలలోని పండితులు చేయఁగల సాయము గొప్పది. పిల్లల తాతలు నేఁటికిని దమ యూరి తిప్పలను, పఱ్ఱులను, పూర్వపు బీళ్లను బేరుపేరునఁ జెప్పఁగలరు. పసికి నచ్చువేసిన గుఱుతులు, మందను బిలుచు కూఁతలు, చూలి యావుకును, ఒట్టిపోయిన యావుకును వేఱువేఱుగా నున్న మాటలు వారి నాలుకపై నున్నవి. ఆ మాటలను గ్రహించి వ్రాసికొనుట కెక్కువ ద్రవ్యము గావలదు. ఆలపాటి పేరున నున్నది ఆలే యగునో కాదో, పాలపఱ్ఱున నున్నది పాలో పాలచెట్టో, అట్టి సేకరణమే నిర్ణయింపఁగలదు. ద్రాక్షారామపు ఱాతిపై బోయల పేళ్లు తొమ్మిదివందల యేండ్లుగా నిలిచియున్నవి. కొల్లేటిగట్టు బీళ్లపేళ్లు ఒక్క తరము నోట మాత్రమే నిలిచియున్నవి.